దాతల దయయా, శాసనబలమా

2025 జూన్ 6వ తేదీ రాత్రి, ఓక్లహోమా నగరమందలి డెవన్ పార్కులో, వేలకొలది ప్రేక్షకుల యెదుట, టెక్సస్ విశ్వవిద్యాలయపు విద్యార్థినులు టెక్సస్ టెక్ విశ్వవిద్యాలయపు విద్యార్థినులను 10–4 పరుగులతో ఓడించి, తమ సంస్థ చరిత్రలో మొట్టమొదటి సాఫ్ట్‌బాల్ జాతీయవిజయమును సాధించిరి. అదే దినమున కాలిఫోర్నియాలో ఫెడరల్ న్యాయమూర్తి క్లాడియా విల్కెన్, అమెరికా విశ్వవిద్యాలయములు తమ క్రీడాకారులకు స్వయముగా ధనమీయవచ్చునను ఒడంబడికకు తుది ఆమోదము తెలిపెను. మొదటి ఘట్టమును టెలివిజన్‌లో 20 లక్షలకు మించిన జనము కన్నులార చూచిరి; రెండవదానిని న్యాయవాదులును, విశ్వవిద్యాలయాధికారులును, కొందఱు విలేకరులును చదివిరి. ఆ రాత్రి మైదానమున ఒకరినొకరు కౌగిలించుకొని ఆనందబాష్పములు రాల్చిన యువతుల భావి, వారి వెనుక రానున్న చెల్లెండ్ర భావి, ఆ రెండవ పత్రముపై ఎంతగానో ఆధారపడియున్నది. ఐనను ఆ పత్రము వారి ఆటకు చేసిన న్యాయము అత్యల్పమని నా దృఢాభిప్రాయము.

ఆటను గూర్చి కొంచెము చెప్పక తప్పదు. సాఫ్ట్‌బాల్ మన పాఠశాల క్రీడాపోటీలలో చిరకాలముగా నున్నదే కాని, అమెరికా కళాశాలల యువతుల చేతులలో అది ధరించిన ఉగ్రరూపమును చూచినవారు మనలో కొలదిమంది. పిచ్చరు నిలుచు స్థానమునకును, బ్యాటరు నిలుచు హోం ప్లేటునకును నడుమ దూరము 43 అడుగులు. క్రికెట్టు పిచ్ పొడవు 66 అడుగులని తలచుకొన్నచో ఆ సామీప్యము బోధపడును. చేయి భుజము చుట్టును గాలిమర రెక్కవలె ఒక పూర్తి వృత్తమును చుట్టి, తొడ ప్రక్కకు వచ్చిన క్షణమున మణికట్టు విదిలింపుతో వదలిన బంతి, ఉత్తమశ్రేణి పిచ్చరు విసరినచో, గంటకు 70 మైళ్ల వేగమును అందుకొనును. అట్టియెడ బ్యాటరునకు చూచుటకును, నిశ్చయించుకొనుటకును, బ్యాటు త్రిప్పుటకును కలసి లభించు కాలము అర సెకనుకంటె తక్కువ. పోనీ, ఆ బంతి తిన్నగా వచ్చునా యన్న అదియును లేదు: ఒకటి ఛాతీవైపు లేచుచున్నట్లు భ్రమ గొలుపును, ఒకటి మోకాలి దగ్గఱ జాఱిపడును, మఱియొకటి అదే విసురుతో బయలుదేఱియు మందగమనమున వచ్చి, తొందరపడిన బ్యాటును వట్టి గాలిలో త్రిప్పించును. పరుగెత్తునామె వరుసగా తాకుచు పోవలసిన బేసుల నడుమ 60 అడుగులే కావున, నేలబారు బంతిని అందుకొన్న ఫీల్డరు రవంత తడబడినను పరుగెత్తునామె బేసును చేరిపోవును. 7 ఇన్నింగ్సులలో ముగిసిపోవు ఈ ఆటలో టెస్టు మ్యాచి నిదానమునకు తావు లేదు. ఆ నిదానమును ప్రేమించు నావంటివాడు మొదట కొంత ఉక్కిరిబిక్కిరియగును. పిదప, రెండు మూడు ఆటలు చూచునప్పటికి, క్రికెట్టు కొంచెము నత్తనడకగా తోచుటయు కద్దు.

కళాశాలల సీజను ఫిబ్రవరి మొదట ఆరంభమై జూన్ తొలిదినములలో ముగియును. మే నెలలో 64 జట్లు జాతీయపోటీకి ఎంపికయి, నాలుగేసి చొప్పున 16 స్థలములలో తలపడగా, వానిలో మిగిలిన 16 జట్లు రెండేసిగా పోరాడి, తుదకు 8 జట్లు ఓక్లహోమా నగరమును చేరును. 1990 నుండి దాదాపు ప్రతి యేటను ఈ అంతిమ సంగ్రామము అచ్చటనే జరుగుచున్నది. 2025 సీజను ఎంతటి వింత సీజనో చెప్పుటకు ఒక్క ఉదాహరణము చాలును: జాతీయపోటీలో అగ్రస్థానమిచ్చి గౌరవింపబడిన టెక్సస్ ఏ అండ్ ఎం జట్టు, తన సొంత మైదానముననే, లిబర్టీ విశ్వవిద్యాలయపు జట్టు చేతిలో మొదటి వారాంతముననే నిష్క్రమించెను. అగ్రస్థానపు జట్టునకు అట్టి గతి పట్టుట అంతకుమున్నెన్నడును లేదు.

అప్పటికి నాలుగేండ్లుగా ఈ ఆటకు ఒక్కరే చక్రవర్తులు. ప్యాటీ గాసో శిక్షణలోని ఓక్లహోమా విశ్వవిద్యాలయపు జట్టు 2021 మొదలు 2024 వఱకు వరుసగా నాలుగు పర్యాయములు విజేతయై, ఏ సంస్థకును అంతవఱకు దక్కని ఘనతను దక్కించుకొనెను. 2023లో ఆ జట్టు 61 ఆటలు గెలిచి ఒక్కదానిలో మాత్రమే ఓడినది; ఆ యేడు మొదలైన విజయపరంపర 71 ఆటలదాక సాగి, 2024 మార్చిలో, క్రొత్తగా కట్టించుకొన్న వారి సొంత మైదానముననే, లూసియానా విశ్వవిద్యాలయపు జట్టు చేతిలో తెగిపోయెను. నాడు ఆ లూసియానా జట్టునకు శిక్షకుడు జెర్రీ గ్లాస్కో. ఆ వేసవిలోనే అతడు టెక్సస్ రాష్ట్రపు పడమటి మైదానములలో, పత్తిచేలకును నూనెబావులకును నెలవైన సీమలో, లబ్బాక్ పట్టణమందలి టెక్సస్ టెక్ విశ్వవిద్యాలయమునకు శిక్షకుడై పోయెను. ఆ సంస్థ అంతవఱకు ఈ అంతిమ సంగ్రామమును కన్నెత్తి చూచినది కాదు.

గ్లాస్కో వెంటనే నైజారీ క్యానడీ యను పిచ్చరు కూడ లబ్బాక్ చేరెను. కాన్సస్ రాష్ట్రపు టొపీకా పట్టణమునుండి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు వచ్చి, ఆ జట్టును రెండుమార్లు ఓక్లహోమా నగరమునకు చేర్చి, 2024లో దేశమందలి ఉత్తమ కళాశాల క్రీడాకారిణిగా ఎన్నికయిన యువతి ఆమె. ఆమెను రప్పించుటకు టెక్ అభిమానుల నిధిసంస్థ ఒక సంవత్సరమునకు 10,50,024 డాలర్లు ఇచ్చుటకు ఒప్పుకొనినది: పది లక్షలు ఆమెకు, ఏబదివేలు బ్రతుకుతెరువు ఖర్చులకు, చివరి 24 ఆమె చొక్కా మీది సంఖ్యకు! ధనికుల వేడుకలు ఇట్లే యుండును గాబోలు. 2021 జూలై నుండి కళాశాల క్రీడాకారులు తమ పేరును, రూపమును వాడుకొననిచ్చినందుకు బయటివారినుండి ధనము తీసికొనవచ్చునను నియమము వచ్చినది. దాని నీడన నూనె వ్యాపారమున గడించిన పూర్వవిద్యార్థులు తమ విశ్వవిద్యాలయపు జట్లకు ధనమును వెదజల్లసాగిరి. క్యానడీకి ఈ సొమ్ము సమకూర్చిన దాతలు ఒక దంపతులు; వారిలో భార్య ఒకప్పుడు అదే టెక్ జట్టున సాఫ్ట్‌బాల్ ఆడినదని తెలిసినప్పుడు, ఈ విచిత్రము వెనుక కొంత మమకారమును కలదని గ్రహింపవచ్చును.

పది లక్షలు వినబడగానే ఎందఱో పెద్దమనుష్యులు చెవులు మూసికొనిరి. విద్యార్థులాడు ఆట అంగడి సరకైనదని విలపించిరి. ఈ విలాపమున నేను పాలుపంచుకొనజాలను. అమెరికన్ ఫుట్‌బాల్ ఆడు కుఱ్ఱవానికి అంతకు మించిన ధనమిచ్చునప్పుడు వినబడని ఈ రోదనము, ఒక యువతికిచ్చునప్పుడు మాత్రమే ఇంత బిగ్గరగా వినబడుటలోని అంతరార్థమును విప్పి చెప్పనక్కఱలేదు. 2016లో మోనికా ఆబట్ యను పిచ్చరు వృత్తిజట్టుతో చేసికొన్న ఒప్పందము 10 లక్షల డాలర్లదని దేశమంతయు అబ్బురపడినది. కాని అది 6 సంవత్సరములకు కలిపి, అందులోను అధికభాగము టికెట్లు కొని వచ్చు ప్రేక్షకుల సంఖ్యపై ఆధారపడిన అదనపు సొమ్ము. ఎనిమిదేండ్లు తిరుగునప్పటికి అంత సొమ్ము ఒక్క యేటికే, అదియును ఒక విద్యార్థినికి వచ్చినదన్న, ఆటకు విలువ పెరిగినదని సంతోషింపవలసినదే. నా చింత వేఱొకటి. ఆమెకు ధనమిచ్చినవారు దాతలు. దాత మనస్సు నేడు సాఫ్ట్‌బాల్ మీద నున్నది, ఱేపు?

ఆ ప్రశ్నకు పోకమున్ను ఆమె ఆటను చెప్పవలెను. టెక్ జట్టు ఆ యేడు తమ జట్ల కూటమియైన కాన్ఫరెన్సున మొదటిసారి విజేతయై, ఓక్లహోమా నగరము చేరి, జూన్ 2వ తేదీన సెమీఫైనలులో ఓక్లహోమాను ఎదుర్కొనెను. ఏడవ ఇన్నింగ్సున ఓక్లహోమా బ్యాటరు ఒక్క హోం రన్నుతో 2–2గా సమముచేసి మైదానమంతయు హోరెత్తించినది. చక్రవర్తులు చావరని అందఱును అనుకొనుచుండగనే, ఆ ఇన్నింగ్సు రెండవ సగమున లారెన్ ఆల్‌రెడ్ ఎత్తుగా కొట్టిన బంతిని ఫీల్డరు పట్టుకొనులోపల, మూడవ బేసుమీది యామె కాచుకొని, పట్టుకొన్న మఱుక్షణమున పరుగుతీసి హోం ప్లేటు చేరెను. 3–2. నాలుగేండ్ల ఏకచ్ఛత్రాధిపత్యము అంతటితో ముగిసెను.

ఫైనలులో మూడాటలు. మొదటి ఆటలోని ఒక్క బంతిని గూర్చి ఏండ్లకొలది చెప్పుకొందురు. ఆఱవ ఇన్నింగ్సున టెక్ 1–0తో ముందున్నది. టెక్సస్‌వారు రెండవ, మూడవ బేసులమీద నిలిచియున్నారు. బ్యాటు పట్టినది రీస్ ఆట్‌వుడ్ అను ప్రచండ బ్యాటరు. ఇట్టి సమయమున మొదటి బేసు ఖాళీగా నున్నది గనుక, బ్యాటరునకు అందకుండ నాలుగు బంతులను దూరముగా విసరి, ఆమెను ఊరక మొదటి బేసునకు నడిపించి, తరువాతి బ్యాటరుతో తలపడుట లోకరీతి. క్యానడీ ఆ పనియే చేయుచుండెను. కాని ఒక బంతి పోవలసినంత దూరము పోలేదు. విడిచిపెట్టబడుచున్నానని తెలిసియు బ్యాటును భుజముమీద నానించి నిదురపోక, చూపును బంతిమీదనే నిలిపిన ఆట్‌వుడ్, చేతులు చాచి దానిని ఎడమవైపు ఫీల్డులోనికి కొట్టినది. బేసులమీది ఇద్దఱును హోం ప్లేటు చేరిరి. ఆట 2–1గా టెక్సస్ వశమైనది. పది లక్షల చేతికి నాలుగు బంతులను దూరముగా వేయుట రాదాయెనని పరిహసించినవారు పరిహసించిరి. పిచ్చరు బలమంతయు తగ్గించుకొని మెల్లగా విసరునప్పుడే ఆమె లయ చెడునని ఆట తెలిసినవారికి తెలియును. ఆట్‌వుడ్ జాగరూకతయే అక్కడ మెచ్చుకొనదగినది.

రెండవ ఆటను టెక్ 4–3తో గెలిచినది. క్యానడీయే విసరినది. ఓక్లహోమా నగరమున ఆ జట్టు ఆడిన ఆటలన్నిటిలో అంతవఱకు ప్రతి బంతిని విసరినది ఆమెయే. మూడవ నాటి రాత్రి మొదటి ఇన్నింగ్సుననే టెక్సస్‌వారు ఆమె బంతులను చావబాది 5 పరుగులు చేసిరి. ఆ ఇన్నింగ్సు తరువాత గ్లాస్కో ఆమెను తప్పించెను. నాలుగవ ఇన్నింగ్సున, మోకాలి స్నాయువు తెగియుండియు ఆడుచున్న మియా స్కాట్ బేసులన్నియు నిండియుండగా హోం రన్ను కొట్టి, ఆ పోరునకు ముగింపు వ్రాసెను. టెక్సస్ పిచ్చరు టీగన్ క్యావన్ అంతిమపోటీ యందు తన తప్పువలన ఒక్క పరుగైనను ఇయ్యక ఉత్తమ క్రీడాకారిణిగా ఎన్నికైనది; కాని ఆమె శిక్షకుడు మైక్ వైట్ బంతుల భారమంతయు ఆమె ఒక్కతెమీదనే మోపలేదు. ఇంతకుమున్ను 2022లోను, 2024లోను ఓక్లహోమా చేతిలోనే ఫైనలులో భంగపడిన వైట్, విశ్రాంతికిగల విలువను ఎఱిగియుండును.

ఇచ్చట శిక్షకులను నేను తప్పుపట్టుదును. క్రిందిచేతి విసురు సహజమైనదనియు, దానివలన భుజమునకు శ్రమ లేదనియు, కావున ఒకే యువతి దినదినమును ఎన్ని ఇన్నింగ్సులైన విసరవచ్చుననియు ఈ ఆటలో ఒక పురాతన విశ్వాసము పాతుకొనియున్నది. భుజముపై పడు ఒత్తిడి బేస్‌బాల్ పిచ్చర్లమీద పడుదానికి ఏమంత తీసిపోదని పరిశోధకులు చూపి చాలకాలమైనది. పురుషుల బేస్‌బాలులో పిచ్చరు బంతులను ఒక్కొక్కటిగా లెక్కించి, దినముల విశ్రాంతి నిర్ణయించి, వాని చేతిని పట్టువస్త్రమున చుట్టి కాపాడుదురు. వెల పెరిగినను ఈ యువతి చేతికి ఆ రక్ష పెరుగలేదు. అంతిమపోటీలో ఒక పిచ్చరు వరుసగా విసరదగిన ఇన్నింగ్సులకు ఒక హద్దును నియమముగా విధింపవలెను. శిక్షకుల వివేకమునకు వదలినచో, గెలుపు కన్నుల యెదుట నున్నప్పుడు వివేకము నిలువదు.

ఇక దాతల మాట. అమెరికా కళాశాలలలో స్త్రీల సాఫ్ట్‌బాల్ ఇంతగా విస్తరించినది ఎవరి దయవలనను కాదు. విద్యార్థినులు 1969లోనే ఒమాహా నగరమున తమ మొదటి జాతీయపోటీ జరుపుకొనిరి. నాడు వారికి ధనమును లేదు, స్కాలర్‌షిప్పును లేదు. 1972లో ఆ దేశపు కాంగ్రెసు ఆమోదించిన టైటిల్ నైన్ శాసనము, కేంద్రధనము తీసికొను ఏ విద్యాసంస్థయు స్త్రీపురుషభేదమువలన ఎవరికిని అవకాశము నిరాకరింపరాదని కట్టడి చేసెను. ఆ మూలవాక్యమున ఆటల ప్రసక్తియే లేదు. అది 40 మాటలైనను లేదు. ఐనను దాని బలముచేతనే విశ్వవిద్యాలయములు వందలకొలది జట్లను ఏర్పఱచి, మైదానములు కట్టించి, స్కాలర్‌షిప్పులిచ్చినవి. 1982లో జాతీయ కళాశాల క్రీడాసంఘము ఈ పోటీని స్వీకరించెను. ఆనాటి పాలకులు ఈ ఆటను గిరాకీ చూచి పెట్టినవారు కారు. గిరాకీ పిదప వచ్చినది. మొదట విపణి యడిగిన లెక్కప్రకారము నడచియున్నచో నేటి 20 లక్షల వీక్షకులు ఏనాడును పుట్టియుండెడివారు కారు.

విల్కెన్ న్యాయమూర్తి ఆమోదించిన ఒడంబడికలో ఈ చరిత్రకు తావు దొరకలేదు. దాని ప్రకారము ఒక్కొక్క విశ్వవిద్యాలయము మొదటి యేట సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వఱకు తన క్రీడాకారులకు పంచవచ్చును. ఏ ఆటకెంత యన్నది ఆ సంస్థ ఇష్టము. గతకాలమున ధనమందక నష్టపడిన క్రీడాకారులకు 280 కోట్ల డాలర్లు పదేండ్లలో చెల్లింపవలెను. అందులో సింహభాగము ఫుట్‌బాల్, పురుషుల బాస్కెట్‌బాల్ ఆటగాండ్రదే. ఈ ధనపంపకమునకును టైటిల్ నైన్ వర్తించునని 2025 జనవరిలో విద్యాశాఖ ఇచ్చిన సూచనను, ప్రభుత్వము మాఱిన పిమ్మట, ఫిబ్రవరిలోనే అదే శాఖ ఉపసంహరించుకొనెను. తీర్పు వెలువడిన వారములోపలనే కొందఱు క్రీడాకారిణులు ఆ నష్టపరిహారపు పంపకముపై అప్పీలు చేసిరి. విచిత్రమేమన, పది లక్షల పిచ్చరుకు నెలవైన టెక్సస్ టెక్ సంస్థయే తన పంపకములో దాదాపు నాలుగింట మూడువంతులు ఫుట్‌బాలునకును, మిగిలినదానిలో పెద్దపాలు పురుషుల బాస్కెట్‌బాలునకును పోవునని ప్రకటించినది. క్యానడీకి వచ్చిన సొమ్ము ఆ సంస్థ ఇచ్చినది కాదు, దాత ఇచ్చినది. ఆమె ప్రక్కన మూడవ బేసు దగ్గఱ నిలిచిన యామెకు అంతటి సొమ్ము ముట్టినట్లు వినలేదు.

ఫుట్‌బాల్ సంపాదించును గనుక ఫుట్‌బాలే అనుభవించునందురు. ఈ వాదమును తీసిపాఱవేయరాదు. స్టేడియములో లక్షమంది కూర్చుండి టికెట్లు కొను ఆటకు ఆదాయము హెచ్చు. కాని సాఫ్ట్‌బాల్ సంపాదన యెంతయో తెలిసికొనుటకు ఎవరైన దానిని విడిగా అమ్మి చూచిరా? 2024లో క్రీడాసంఘము ఈఎస్‌పీఎన్ టెలివిజన్ సంస్థతో ఎనిమిదేండ్లకు 92 కోట్ల డాలర్లకు చేసికొన్న ఒప్పందమున 40 పోటీలను ఒక్క మూటగా కట్టి అమ్మివేసెను. సాఫ్ట్‌బాల్ ఆ మూటలో నొకటి. వెల కట్టక అమ్మినవారే, వెల లేదని చెప్పుట న్యాయమా? స్త్రీల బాస్కెట్‌బాల్ పోటీలో గెలిచిన జట్ల సంస్థలకు 2025 నుండి సొమ్ము ముట్టజెప్పుట మొదలైనది; పురుషులకు అది దశాబ్దములుగా నున్నది. సాఫ్ట్‌బాలునకు నేటికిని లేదు. అదియునుగాక, విశ్వవిద్యాలయము వ్యాపారశాల కాదు. గ్రంథాలయము లాభము తెచ్చుచున్నదా యని ఏ ఉపకులపతియు అడుగడు.

ఆస్టిన్, డల్లాస్ ప్రాంతములలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములకు ఈ సంగతి అంత దూరపుది కాదు. అచ్చటి బడులలో వారి కూఁతుండ్లకును సాఫ్ట్‌బాల్ అందుబాటులో నున్నదే. కళాశాల స్కాలర్‌షిప్పు అన్న మాట ఆ యిండ్లలో ఎంత బరువైనదో చెప్పనక్కఱలేదు. క్రొత్త ఒడంబడికలో వారికి మేలుచేయు వాక్యము ఒకటి కలదని ఒప్పుకొనవలెను. ఇదివఱకు ఒక్కొక్క సాఫ్ట్‌బాల్ జట్టునకు 12 పూర్తి స్కాలర్‌షిప్పులే. వానిని ముక్కలు చేసి ఇరువదిమందికి పంచెడివారు. ఇకమీదట జట్టులో 25 మంది యుండవచ్చును. ఆ 25 మందికిని పూర్తి స్కాలర్‌షిప్పు ఈయవచ్చును. "ఈయవచ్చును" అనియే కాని "ఈయవలెను" అని లేదు.

ఆటకు బయట మాత్రము గాలి అనుకూలముగా వీచుచున్నది. ఆ జూన్ నెలలోనే క్రొత్త వృత్తిలీగు ఒకటి మొదలై, మేజర్ లీగ్ బేస్‌బాల్ దానిలో పెట్టుబడి పెట్టినది. 2028 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్సున సాఫ్ట్‌బాల్ మరల చేరి, ఆ పోటీలు ఇదే డెవన్ పార్కులో జరుగనున్నవి. ఒలింపిక్సునకు వచ్చు ఆ యువతులను తీర్చిదిద్దునది కళాశాలలే. కావున, 25 స్కాలర్‌షిప్పులలో ఎన్నింటిని నింపితిరో, 2 కోట్ల 5 లక్షలలో సాఫ్ట్‌బాలునకు ఎంత విడిచితిరో, ప్రతి విశ్వవిద్యాలయమును ఏటేట బహిరంగముగా ప్రకటింపవలెనని శాసనము కావలెను. టెక్ కనీసము తన లెక్కను చెప్పినది. చెప్పనొల్లని సంస్థలు అనేకములు కలవు. ప్రజల పన్నులతో నడచు విశ్వవిద్యాలయములును వానిలో నున్నవి, మొదట అడుగవలసినది వానినే.